మంత్రసాని పాచిక

ఆదోని,
జనవరి, ఆదివారం

ఈరేష్ వాళ్ళ అమ్మ మద్దమ్మగారికి కన్యక నమస్కారాలు.

నేను ఈరేష్‌తో కలిసి ఆదోనిలో డిగ్రీ చదివాను. దసరా వెళ్ళాక మీ ఇంటి ముందు టెంటు కింద మిమ్మల్ని చూశాను. మీరు నన్ను చూసి ఉండరు, అప్పుడు ఎవరినీ చూసే స్థితిలో లేరు. తర్వాత ఫోన్ చేస్తే ఈరేష్ వాళ్ళ నాన్న రామన్నగారు ఎత్తి "మాట్లాడలేకుండాదమ్మా" అన్నారు. అందుకే ఈ కాగితం. సామ్సన్ రోజూ ఎమ్మిగనూరు బడికి పాఠాలు చెప్పడానికి బస్సులో వస్తాడు కదా, అతని చేతికిస్తున్నాను. నిజానికి నేనే రావాలి. ఇప్పుడు రాలేకపోతున్నాను.

ఈరేష్ ఆదివారాలు ఆదోనికి వచ్చేది సినిమాకని మీరు అనుకునేవారట. సినిమాకు కాదు. సామ్సన్ వాళ్ళ మిద్దె మీద మేం నలుగురం ఒక ఆట ఆడేవాళ్ళం. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. తలపెట్టిన పని అవుతుందో లేదో పాచిక చెబుతుంది. కథ చెప్పేది ఈరేష్. ఇంగ్లీషు పుస్తకాల్లోని కోటలూ మంత్రగాళ్ళూ తనకు నచ్చలేదు. "మన కొండ మీద కోట లేదా? మన ఊళ్ళల్లో మంత్రాలు లేవా?" అని సొంతంగా ఆట తయారు చేశాడు.

అందులో మంత్రశక్తి ఉన్నవాళ్ళు మూడు క్లాసులు. తరుణ్ చదువరి. పొద్దున తాళపత్రాల్లో ఏది చదువుకుంటే ఆ మంత్రమే ఆ రోజు పనిచేస్తుంది. సామ్సన్ గణాచారి. దేవుడు పూనితే కొండను కదిలిస్తాడు, కానీ ఎప్పుడు పూనుతాడో అతనికే తెలియదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి పూనకం ఊగేవాడు. నాకు ఈరేష్ మంత్రసాని అని ఇచ్చాడు. ఆమె ఏం చేయగలదని అడిగితే నవ్వి, "ఆడుతుంటే నీకే తెలుస్తాది" అన్నాడు.

చివరి ఆదివారం కథను ఒక తలుపు దగ్గర ఆపాడు. కోటలో మూసిన తలుపు. లోపల ఒక ఆడగొంతు అరుస్తోంది. "మంత్రసాని లేకుండా ఈ తలుపు తెరిచినా ఏం లాభం లేదు" అని, బస్సుకు లేటవుతుందని లేచి వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారానికి జ్వరం. ఆ తర్వాత మీకు తెలుసు.

మేం ఆ ఆట పూర్తి చేసి తన పేరు మీద అందరికీ ఇవ్వాలనుకుంటున్నాం. కానీ నా మంత్రసాని కుదరడం లేదు. అరచేతుల్లోంచి నిప్పులు కురిపించేలా, పాములను పిలిచేలా చేశాను. "మరి నా చదువరికీ నీకూ తేడా ఏముంది? చీర ఒక్కటే" అంటాడు తరుణ్. తేడా లేని క్లాసును తీసేయాలి, అది ఈరేష్ పెట్టిన నియమమే. తీసేయడానికి మాత్రం నాకు మనసు రావడం లేదు. తను మీతో ఎప్పుడైనా మంత్రసాని గురించి చెప్పాడా?

తన పాచికల సంచి మీ ఇంట్లోనే ఉండాలి. కనిపిస్తే చెప్పండి.

కన్యక


ఎమ్మిగనూరు,
జాతర తేరు లాగిన తర్వాతి బేస్తవారం

కన్యకమ్మకు మద్దమ్మ తన చేత్తో తానే రాస్తున్న జాబు.

ఇక్కడ మేమందరమూ క్షేమము అని మొదలుపెట్టాలని బళ్ళో నేర్పించినారు. నా చదువు ఏడో తరగతి. ఆ మాట రాయబోతే చెయ్యి రాలేదు. బతికి ఉన్నామమ్మా. మీ రామన్న మామ మగ్గం మీద కూర్చుంటాడు, నేను కండెలు చుడతాను. నూలు తెగితే అతికిస్తాము. అంతే.

ఫోను నేను ఎత్తను. మోగితే ఇంకా వాడే అనుకుంటాను. కాగితమైతే ఏడుపు వచ్చినప్పుడు పక్కన పెట్టి మళ్ళీ రాయొచ్చు.

నీ జాబు ముందు సామ్సనప్ప చేత చదివించుకొని, తర్వాత నేను చదువుకున్నాను. మంత్రాలకు క్లాసులంటే పిల్లోళ్ళను బెంచీల మీద కూర్చోబెట్టి నేర్పిస్తారేమో అనుకున్నాను. అది కాదంట, కులవృత్తి మాదిరి ఎవరి విద్య వాళ్ళదంట. "అట్లయితే ఆటలో కూడా ఒకరి పని ఇంకొకరు సెయ్యకూడదా అప్పా?" అంటే సామ్సనప్ప తల గోక్కున్నాడు.

ఇంక నీ మంత్రసాని సంగతి. కోపం చేసుకోవద్దమ్మా. అరచేతుల్లో నించి నిప్పులు అన్న చోట నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయినాను. దసరా నించి ఈ ఇంట్లో నవ్వు లేదు కదా, మగ్గం చప్పుడు ఆగిపోయింది. మీ మామ పరిగెత్తి వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు. "ఏమైందే? ఏమైందే నీకు?" అన్నాడు. "మీ అత్త సేతుల్లో నించి నిప్పులు కురిపిస్తాందంట సూడు" అన్నాను. ఆయనకు అర్థమయ్యేదానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత గోడకు ఆనుకొని నవ్వినాడు. "నిప్పులు యాడివి? ఆయమ్మ పొయ్యి కూడా సరిగా అంటించల్యాకపాయె" అన్నాడు. ఇద్దరమూ నవ్వుతా నవ్వుతా ఏడ్చినాము. సామ్సనప్ప టీ గ్లాసు పట్టుకొని ఎటు పోవాల్నో తెలీక నిలబడినాడు పాపం.

మంత్రసాని అంటే మంత్రాలు వేసే ఆమె కాదమ్మా. కాన్పులు చేసే ఆమె. మీ ఇండ్లలో అందరూ ఆస్పత్రిలోనే పుట్టినారు, నీకు ఆ మాట ఎట్ల తెలుస్తుంది? కౌతాళం పక్కన మా పల్లెలో మా అమ్మ హులిగమ్మే మంత్రసాని. ఈరేషుకు బొడ్డు కోసింది కూడా ఆమెనే. వాడు చిన్నప్పుడు ఆమె పక్కలో పండుకొని "అవ్వా, నీకు ఎన్ని మంత్రాలొస్తాయి?" అని అడిగేవాడు. నీ మాదిరే వాడూ ఆ పేరు చూసి మోసపోయినాడు. "ఒకటే వస్తాది పోరా" అనేది ఆమె.

పాచికల సంచి ఉంది. మగ్గం గుడ్డతో నేను కుట్టిచ్చిందే. లోపలివి పాచికలని నాకు తెలీదు. మా పల్లె పాచికలు పొడుగ్గా ఉంటాయి. వీటికి ఎన్నేసి మొగాలో, ఎన్నేసి రంగులో. గాజురాళ్ళనుకొని నీలంది ఒకటి దేవుని గూట్లో పెట్టి కుంకుమ కూడా పెట్టినాను. మిగతావి సామ్సనప్పకు ఇచ్చినాను. నీలంది మాత్రం అడగొద్దమ్మా. ఇప్పుడు ఇవ్వలేను.

బస్సెక్కితే గంట. ఏదో పని ఉండి రాలేకపోయి ఉంటావు. పనులయినాక రా.

మద్దమ్మ


ఆదోని,
ఫిబ్రవరి

అమ్మా,

మీ జాబు చదివి అట్లాగే మంచం మీద కూర్చుండిపోయాను. తర్వాత తరుణ్‌కు ఫోన్ చేసి, మంత్రసాని అంటే ఏంటో చెప్పమన్నాను. "మంత్రాల రాణి" అన్నాడు. వాడిదీ నా చదువే.

ఇప్పుడు ఆ తలుపు సంగతి చూడండి. లోపల ఆడగొంతు అరుస్తోందని చెప్పి ఈరేష్ ఆపాడు. మేం రాక్షసి అనుకున్నాం. తరుణ్ తలుపును కాల్చే మంత్రం చదివి పెట్టుకున్నాడు. సామ్సన్ కత్తి నూరాడు. ఇన్ని నెలలుగా ముగ్గురం ఆమెను ఎలా చంపాలా అని ఆలోచిస్తున్నాం. లోపల నొప్పులు పడుతున్న మనిషి ఉందమ్మా! ఈ మాట సామ్సన్‌కు చెప్పాను. "మనల్ని చూసి లోపల్లోపల ఎంత నవ్వుకున్నాడో దొంగ" అన్నాడు.

కానీ చిక్కు తీరలేదు. మంత్రం వేసే పాత్రలు వేరువేరుగా ఉండాలంటే మంత్రాల పేర్లు మారిస్తే చాలదని ఈరేష్ పోట్లాడేవాడు. శక్తి ఎక్కడి నుంచి వస్తుంది, వాడినందుకు ఏం పోతుంది, ఆడేవాళ్ళ చేతులు ఏం చేస్తాయి, ఇవి మారాలి. చదువరి పొద్దునే ఎంచుకోవాలి, తప్పు ఎంచుకుంటే సాయంత్రం దాకా అనుభవించాలి. గణాచారికి పూనకం దిగాక లేచి నిలబడే సత్తువ ఉండదు. మరి మంత్రసాని? "కాన్పు చేయును" అని రాసి నేను పాచిక వేస్తే అదీ ఇంకొక మంత్రమే. నిప్పులకు బదులు కాన్పు.

హులిగమ్మగారు ఏం చేసేవారు? ఎక్కడ కూర్చునేవారు? నొప్పులు ఎక్కువై ఆ మనిషి బెదిరిపోతే ఏం చెప్పేవారు? ఆ భయం నిజంగా పోయేదా? ఆ ఒక్క మంత్రం ఏంటి?

ఇప్పుడు ఆట మా అత్తగారింట్లోనే పెట్టుకున్నాం. సామ్సన్ మిద్దె మెట్లు మరీ నిటారు.

కన్యక


ఎమ్మిగనూరు,
శివరాత్రి మర్నాడు

అమ్మా కన్యకా,

నేను కాన్పులు చేసినదాన్ని కాదు. వేణ్ణీళ్ళ చెంబు పట్టుకొని అమ్మ వెనక పోయినదాన్ని. గుర్తున్నంత రాస్తాను. తప్పుంటే నాదే, అమ్మది కాదు.

మా అమ్మ ఆ ఇంట్లోకి పోతానే ముందు ముడి ఉన్నవన్నీ విప్పించేది. కొప్పు, బియ్యం మూట, ఆఖరికి కొట్టంలో ఎద్దు పలుపు కూడా. ఎందుకో నాకు తెలీదు. ఎద్దు ఒకసారి ఊరంతా తిరిగింది. ఆ తర్వాత ఆ మనిషి పక్కన కూర్చొని ఏమీ చేసేది కాదు. నిజంగానే ఏమీ చేసేది కాదమ్మా. ఇంట్లోవాళ్ళకు ఒళ్ళు మండేది. లక్ష్మప్ప అని ఒకాయన, భార్యకు తొలి కాన్పు, బయట నించి అరిచినాడు. "ఏమ్మే హులిగమ్మా, ఊరికే కూసుండేదానికి నిన్ను పిలిస్తిమా? ఏదో ఒకటి సెయ్యి!" మా అమ్మ లోపల నించే, "నువ్వు సేసింది సాలు, నోరు మూసుకొని ఆడ కూసో" అనింది. లక్ష్మప్పకు ముసలితనం వచ్చినా ఊళ్ళో ఆ మాట పోలేదు.

నొప్పులు ఎక్కువైనాక ఏ మనిషైనా "నాతో కాదు, నువ్వే తియ్యి" అంటుంది. నేనూ అన్నాను, ఈరేషు అప్పుడు. అప్పుడు మా అమ్మ తన చెయ్యి ఇచ్చేది. "తడి తాయీ. కనేది నువ్వు, నేను కాదు" అనేది. మాది కన్నడం కలిసిన పల్లె. తడి అంటే ఆగు తల్లీ, ఓర్చుకో అని. ఆ ఒక్కటే ఆమె మంత్రం. ఈరేషుకు ఎమ్మిగనూరు తెలుగు కదా, "అవ్వది నీళ్ళ మంత్రం" అని వాన పడినప్పుడల్లా వాకిట్లో నిలబడి "తడి తడి" అని చదివేవాడు. తడిసేవాడు. మంత్రం పనిచేసిందని ఎగిరేవాడు.

భయం పోతుందా అని అడిగినావు. పోదు. నాకు పోలేదు. భయం ఉండగానే బిడ్డ వచ్చినాడు. మా అమ్మ చేతి మీద నా గోళ్ళు దిగి చాలా దినాలు మానలేదు. వాడినందుకు ఏం పోతుంది అన్నావే, అది రాసుకో. పోయిన ప్రతి ఇంటి నించీ గోళ్ళగుర్తులతో వచ్చేది.

ఒకటి అడుగుతాను. కథలో మనిషి కోసం నీకు ఇంత భయమెందుకమ్మా? మెట్లు నిటారు అన్నావు, ఈ వయసులోనే మోకాళ్ళ నొప్పులా? సామ్సనప్పను అడిగితే బస్సుకు టైమయిందని పరిగెత్తినాడు. ఆ బస్సు ఇంకా రాలేదు.

మద్దమ్మ


ఆదోని,
ఉగాది వెళ్ళాక

అమ్మా,

తలుపు తెరిచాం.

కథ సామ్సన్ నడిపాడు. లోపలి తల్లి పాత్ర ఎవరు వేయాలని చీటీలు వేస్తే తరుణ్‌కు పడింది. మీసం మెలేసుకుని తిరిగే మనిషి. కాళ్ళు చాపుకుని "అమ్మో, అయ్యో" అని మొదలుపెట్టాడు. మేం పడీ పడీ నవ్వాం. నేను పాచిక వేశాను. తక్కువ పడింది. మళ్ళీ వేశాను, ఇంకా తక్కువ. "ఆ తల్లి నీరసపడుతోంది" అన్నాడు సామ్సన్. నవ్వులు ఆగాయి. మళ్ళీ వేయబోతుంటే మీ అమ్మగారి మాట చెవిలో పడినట్టయింది. కనేది నువ్వు, నేను కాదు.

నా పాచికలన్నీ తరుణ్ అరచేతిలో పెట్టి, వాడి గుప్పిట మూసి పట్టుకున్నాను. "నువ్వే వెయ్యి" అన్నాను. వాడు ఆటలో ఎప్పుడూ ఎగతాళే. ఆ క్షణం మాత్రం చాపిన కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. "నా వల్ల కాదేమో కన్యకా" అన్నాడు, నిజంగానే. "తడి తాయీ" అన్నాను.

పక్క గదిలో ఎండుమిరపకాయల తొడిమలు తుంచుతున్న మా అత్తమ్మ లేచి వచ్చింది. "ఏమిరా ఆ అరుపు? గొంతుతో అరిస్తే సత్తువ యాడుంటాది? పండ్లు బిగబట్టు!" అని వాడి నెత్తిన ఒకటి మొట్టింది. వాడు పండ్లు బిగబట్టి వేశాడు. పెద్దది పడింది. బిడ్డ ఏడ్చింది అన్నాడు సామ్సన్. "ఆడపిల్లా మగపిల్లోడా, సెప్పప్పా తొందరగా!" అంది అత్తమ్మ.

ఆడపిల్ల.

ఇప్పుడు ఇదే మా నియమం. చదువరి తన పాచిక తాను వేస్తాడు. గణాచారి కళ్ళు మూసుకుని వేస్తాడు. మంత్రసాని వెయ్యదు. తన పాచికలు కష్టంలో ఉన్న మనిషి చేతిలో పెట్టి ఆ చెయ్యి పట్టుకుంటుంది. వాళ్ళు వేసింది తక్కువ పడితే ఆ దెబ్బలో సగం ఆమెకు తగులుతుంది. దానికి గోళ్ళగుర్తు అని పేరు పెట్టాం. "ఇప్పుడు ఒప్పుకుంటా. ఇది నా చదువరి కాదు, ఎవరూ కాదు" అన్నాడు తరుణ్. వెంటనే ఇంకో మెలిక పెట్టాడు. "మరి మంత్రసానికే కష్టం వస్తే? తన పాచికలు తానే వేసుకోవచ్చా?" జవాబు తెలియక ఆ చోటు ఖాళీగా వదిలేశాం. నాకూ నడుము పట్టేసి ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

అందరూ వెళ్ళాక అత్తమ్మ అడిగింది, "ఈ ఆట కట్టిన పిల్లోడు యాడుంటాడు?" అని. చెప్పాను. తిరిగి మిరపకాయల దగ్గరికి వెళ్ళిపోయింది.

కన్యక


ఎమ్మిగనూరు,
మంగళవారం

కన్యకా,

ఎన్నో నెల?

మెట్లు, నడుము, భయం పోతుందా అన్న ప్రశ్న. నేను హులిగమ్మ కూతురినమ్మా. సామ్సనప్పను ఏమీ అనొద్దు, వాడు నోరు విప్పలేదు. మొఖం దాచుకోవడం చేతకాలేదు, అంతే.

ఆడపిల్ల పుట్టిందని చదివి మీ మామకు చెప్పినాను. "యా ఊర్లో?" అన్నాడు. కథలో అన్నాను. అయినా సంతోషపడినాడు.

మొన్న పక్కింటి వీణకు శ్రీమంతం చేసినారు. నా చేతుల్లో పెరిగిన పిల్ల. గాజుల చప్పుడు గోడ అవతల నించి వినపడింది. నన్ను పిలవలేదు. సాయంత్రం గిన్నెలో పాయసం పోసి, మూత పెట్టి పంపించినారు. బిడ్డను పోగొట్టుకున్నదాని కన్ను పడకూడదంట. నేనూ వాకిట్లోకి పోలేదు. నా కంట్లో నిజంగానే ఏమన్నా ఉందేమోనని నాకే భయమయింది.

నువ్వు రాకపోయింది కూడా అందుకేనా? కాకపోతే కాదని రాయి. అవునయితే ఏమీ రాయొద్దు. కోపం లేదు. ఎండలు ముదిరినాయి, మజ్జిగ తాగు.

మద్దమ్మ


ఆదోని,
మే

అమ్మా,

అవును. ఏమీ రాయొద్దన్నారు, అయినా రాస్తున్నాను. ఎనిమిదో నెల.

కడుపుతో ఉన్న మనిషి చావింటి గడప తొక్కకూడదని అత్తమ్మ అంది. కాదని రావచ్చు. మా ఆయన జనార్దన్ ఒకరోజు బండి కూడా తీశాడు. ఆగింది నేనే. నా కడుపు చూస్తే మీకు ఈరేష్ గుర్తొస్తాడని, అది నేను చూడలేనని భయపడ్డాను. ఇది నిజం. కానీ పూర్తి నిజం కాదు. మీ కంటికి కూడా భయపడ్డాను. ఇంత చదువుకున్నాను, ఆ మాట నమ్మనని అందరితో అంటాను. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం కడుపు మీద చెయ్యి పెట్టుకుని నమ్మాను. మీకు జాబులు రాస్తూనే నమ్మాను.

మీ జాబు అత్తమ్మకు చదివి వినిపించాను. మీకు చెప్పకుండా చదివినందుకు ఏమీ అనుకోవద్దు. పాయసం మీద మూత పెట్టి పంపారన్న చోట చేట పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని, "ఆయమ్మ కాఫీ తాగుతాదా, టీ తాగుతాదా?" అంది.

"ఎందుకత్తమ్మా?"

"వచ్చినాక గడపలో నిలబెట్టి అడుగుతావా? ముందే కనుక్కో."

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఉంటుంది, నర్సులుంటారు. మీరు చేయాల్సింది ఏమీ లేదు. మా ఆటలో మాత్రం ఆ ఒక్క చోటు ఇంకా ఖాళీగానే ఉంది. మంత్రసానికే కష్టం వస్తే?

వస్తారా అమ్మా?

కన్యక


ఎమ్మిగనూరు,
తొలివాన పడిన మర్నాడు

కన్యకమ్మా,

టీ. చక్కెర కొంచెం ఎక్కువ. మీ అత్తమ్మతో చెప్పు.

ఇన్ని దినాలు రాయనిది కోపంతో కాదు. వస్తే నీ కడుపు చూడాలి, చూస్తే వాడు గుర్తొస్తాడు. నువ్వు భయపడింది సరైనదే. చెయ్యి కదల్లేదు. మీ మామ చూసి చూసి మగ్గం మీద నించే అన్నాడు. "వాడు యాడున్నా గుర్తొచ్చేటోడే గదే. ఈడ కండెల కాడ గుర్తొస్తాడు, ఆడ బిడ్డ కాడ గుర్తొస్తాడు. ఆడయితే మేలు." ఈ మనిషికి మగ్గం తప్ప ఏమీ తెలీదని ఇన్నేండ్లూ అనుకున్నాను.

నా కంటికి భయపడ్డానని రాసినావు. చదివినప్పుడు నొచ్చింది. తర్వాత, నా ముందర ఆ మాట చెప్పినదానివి నువ్వొక్కదానివే కదా అనిపించింది. మిగతావాళ్ళు మూత పెట్టి పంపించినారు.

తరుణప్ప ప్రశ్నకు నా దగ్గర ఒక సంగతి ఉంది. మా అమ్మకు నేను పుట్టేటప్పుడు ఊళ్ళో ఇంకో మంత్రసాని లేదు. పక్కింట్లో గొర్రెలు కాసే ఉచ్చీరప్ప భార్య వచ్చి చెయ్యి ఇచ్చిందంట. ఆమెకు ఏ విద్యా తెలీదు. మా అమ్మకన్నా ఆమెనే ఎక్కువ ఏడ్చిందంట. నొప్పులు పడుతున్న మా అమ్మే ఆమెకు "తడి, తడి" అని చెప్పుకుంటా నన్ను కనింది. కాబట్టి ఆ ఖాళీలో ఇట్లా రాసుకోండి. మంత్రసాని తన కోసం తాను వేసుకోకూడదు. ఎవరో ఒకరు వచ్చి చెయ్యి ఇవ్వాలి. ఆ వచ్చే మనిషికి ఏమీ రాకపోయినా సరే. ఏడ్చినా సరే.

నీలం పాచిక దేవుని గూట్లో నించి తీసినాను. కుంకుమ కడగాల్నా అంటే మీ మామ వద్దన్నాడు. ఈరేషు వేళ్ళు తగిలి తగిలి ఒక మూల నున్నగా అయింది. వేసి చూద్దామా అని చాప మీద చెయ్యి చాపినాను కూడా. వెయ్యలేదు. అది నేను వేసేది కాదు.

శుక్రవారం పొద్దున బస్సుకు వస్తాను. సామ్సనప్ప తోడు తీసుకొస్తానన్నాడు. నొప్పులు ముందే మొదలయితే భయపడు, ఏం పర్వాలేదు. కొప్పు విప్పుకో. ఒక చెయ్యి ఖాళీగా పెట్టుకో. నేను వచ్చి పాచిక అందులో పెడతాను. అంతవరకు,

తడి తాయీ.

మద్దమ్మ